ప్రాగ్‌లో మూడు రాత్రులు: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, తిండి సంగతి, చూడాల్సిన చోట్లు చెప్పండి

కోనసీమ_కుర్రోడు
అందరికీ నమస్కారం. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న మూడు నెలల వీసా మీద ఇక్కడికి వచ్చారు. సెప్టెంబరు చివరి వారంలో రైల్లో చెక్ దేశపు రాజధాని ప్రాగ్ వెళ్దామనుకుంటున్నాం. మూడు రాత్రులు ఉంటాం.

అమ్మ పదేళ్ల క్రితం దీక్ష తీసుకున్నాక మాంసం మానేసింది, గుడ్డు కూడా ముట్టదు. నాన్న కోడి, చేప తింటారు, మిగతావి వద్దంటారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పంచాంగం చదవడమంటే ప్రాణం. ప్రాగ్‌లో పాత గడియారం ఉందని ఎక్కడో చదివి రోజూ అదే అడుగుతున్నారు. అమ్మకి గుడైనా చర్చి అయినా ప్రశాంతంగా కాసేపు కూర్చోవాలి, అంతే.

ఎక్కడ ఏం తినాలి, ఏది చూడాలి, ఏది వదిలేయాలి? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

వ్లతావా_ఒడ్డున
బాబూ, నేను ప్రాగ్‌లో ఆరేళ్లు ఉన్నాను. పెద్దవాళ్లతో వెళ్తున్నావు కాబట్టి ముందు డబ్బు సంగతి చెబుతా, తిండి తర్వాత.

అక్కడ యూరోలు కాదు, కొరునాలు. కొన్ని కొట్లు యూరోలు తీసుకుంటాయి గానీ ఇష్టమొచ్చిన రేటు కడతాయి. కార్డుతో కట్టేటప్పుడు మిషను "యూరోల్లోకి మార్చమంటారా" అని అడిగితే ఎప్పుడూ వద్దు, కొరునాల్లోనే అని నొక్కు. పాత ఊరి (ఓల్డ్ టౌన్) సందుల్లో గోడకి తగిలించిన ఏటీఎంలు వదిలేసి బ్యాంకు లోపల ఉన్నదాన్లో తీసుకో. నేను వెళ్లిన మొదటి వారంలోనే ఒక మార్పిడి కొట్లో మోసపోయాను. బోర్డు మీద మంచి రేటు, చేతికిచ్చింది వేరే రేటు. ఇప్పుడైతే చట్టం ఉంది. 2019 నుంచి, చిన్న మొత్తాలు మార్చుకుంటే రసీదు చూపించి మూడు గంటల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ రోజుల్లో అది లేదు. రసీదు మాత్రం పారేయకు.

ట్రాము, మెట్రో, బస్సు అన్నింటికీ ఒకే టికెట్టు. కాగితం టికెట్టు కొంటే ఎక్కగానే పసుపు డబ్బాలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా, అదీ గట్టిగానే. ట్రాముల్లో కార్డు ఆనిస్తే టికెట్టు వచ్చే మిషన్లు కూడా ఉన్నాయి.

ఇక తిండి. మెనూలో ఈ మాటలు గుర్తుపెట్టుకో. హోవ్యెజీ అంటే గొడ్డుమాంసం. వెప్ర్షోవే అంటే పంది. కుర్షెత్సీ అంటే కోడి. పుస్త్రుహ్ అంటే ట్రౌట్ చేప. బెజ్ మసా అంటే మాంసం లేనిది. సాద్లో అంటే పందికొవ్వు, ఇది చాలా ముఖ్యం. బంగాళాదుంప తురిమి వేసే అట్టు బ్రంబోరాక్ చూడ్డానికి శాకాహారమే, కానీ కొన్ని చోట్ల సాద్లోలో వేయిస్తారు. అడక్కుండా కొనొద్దు.

అమ్మగారికి గుడ్డు కూడా పనికిరాదు అంటున్నావు. అక్కడ అసలు కష్టం అదే. "మాంసం లేదు" అనే వరుసలో ముందు కనబడేది స్మజెనీ సీర్, అంటే రొట్టెపొడి అద్ది నూనెలో వేయించిన జున్ను. ఆ పూతలో గుడ్డు ఉంటుంది. పక్కన ఇచ్చే టార్టార్ సాస్‌లో గుడ్డు. క్నెడ్లికీ అని మెత్తటి ఆవిరి రొట్టెముక్కలు కూరతో ఇస్తారు, వాటిలోనూ మామూలుగా గుడ్డు పడుతుంది. పండు లోపల పెట్టి ఉడికించే తియ్యటి క్నెడ్లికీలో కూడా. బ్రంబోరాక్ పిండిలోనూ వేస్తారు. కాబట్టి చెక్ వంట అమ్మగారికి కాదు, నీకూ నాన్నగారికీ.

ఆవిడకి నేను చెప్పేది ధాబా బేయాస్. ఊళ్లో చాలా చోట్ల ఉంది. శుద్ధ శాకాహారం, మన అన్నం, పప్పు, కూరలు. పళ్లెంలో మనమే వడ్డించుకుని తూకం వేయించుకోవాలి. కారం తక్కువ, కానీ కడుపుకి హాయి. మిగతా పూటలకి వంటగది ఉన్న గది తీసుకుని చిన్న రైస్ కుక్కరు పట్టుకెళ్లు. ఆవకాయ ఎలాగూ ఉంటుంది.

ఒక మాట. 28 సెప్టెంబరు అక్కడ జాతీయ సెలవు, సెయింట్ వాత్స్‌లావ్ రోజు. ఆ రోజు పెద్ద సూపర్ మార్కెట్లు చట్టప్రకారం మూసేస్తారు. పాలు, పెరుగు ముందురోజే తెచ్చుకోండి.

ఓరుగల్లు_బ్యాక్‌ప్యాక్
అక్క మంచిగ చెప్పింది. నేను బెర్లిన్‌ల మాస్టర్స్ చేస్తున్న, ప్రాగ్‌కు నాలుగుసార్లు పోయిన. పైసలు తక్కువున్నోళ్లకు ఒక ముచ్చట చెప్త. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటిపూట పదకొండు, రెండు గంటల నడుమ హోటళ్ల బయట పలక మీద "పొలెద్నీ మెన్యూ" అని రాసి పెడ్తరు. అది ఆఫీసులోళ్లు తినే భోజనం. సూపు, ఒక ప్లేటు కూర. అదే హోటల్ల రాత్రి తింటే అయ్యే దాంట్ల సగం పైసలకు అయితది. పాత ఊరి చౌకు నుంచి పది నిమిషాలు నడిచి పక్క గల్లీలకు పోతెనే దొరుకుతది.

చౌకుల మాంసం కాల్చి అమ్మే బండ్లుంటయి, వాసన దూరం నుంచే గుంజుతది. బోర్డు మీద రాసిన ధర వంద గ్రాములకు. ఆయన పెద్ద ముక్క కోసి తూకం ఏసినంక బిల్లు చూస్తే గుండె ఆగుతది. నా దోస్తుకు గట్లనే అయింది. మీ నాన్నకు అక్కర్లేదు కానీ నువ్వు తినబోతే ముందే ఎన్ని గ్రాములో చెప్పు.

టేబుల్ మీద మనం అడగకముందే బ్రెడ్డు పెడితే అది ఫ్రీ అనుకోకు, తింటే బిల్లుల వస్తది. నీళ్లు నల్లాయి తాగొచ్చు, మంచిగుంటయి, సీసా నింపుకో.

ట్ర్‌డెల్నీక్ తినకుండ రాకు అన్నా. గొట్టం లెక్క చుట్టి నిప్పుల మీద కాల్చి చక్కెర, దాల్చిన చెక్క పొడి పూస్తరు. వేడివేడిగ మస్తుంటది.

వ్లతావా_ఒడ్డున
తమ్ముడూ, ట్ర్‌డెల్నీక్ రుచిగా ఉండదని అనను. కానీ "పాతకాలపు చెక్ సంప్రదాయం" అని రాసి అమ్ముతారు చూడు, అది నిజం కాదు. అది స్లొవాకియాలో స్కాలిత్సా ఊరిది, హంగరీ వాళ్లకీ, ట్రాన్సిల్వేనియా వాళ్లకీ ఇలాంటిదే ఉంది. ప్రాగ్ వీధుల్లో ఇది పెరిగింది ఈ మధ్యకాలంలో, మనలాంటి యాత్రికుల కోసం. నా పక్కింటి ముసలావిడ చిన్నప్పుడు ఎన్నడూ తినలేదని చెప్పేది.

అసలు చెక్ మిఠాయి కావాలంటే బేకరీల్లో కొలాచె అడుగు. గుండ్రటి రొట్టె మధ్యలో ప్లమ్ పండు గుజ్జో, తీపి జున్నో, గసగసాలో పెట్టి కాలుస్తారు. గసగసాల పేరు అక్కడ మాక్. మనం కూరల్లో ముద్దనూరి వేస్తాం, వాళ్లు తీపిలో వేస్తారు. ప్రపంచంలో గసగసాలు ఎక్కువగా పండించే దేశాల్లో అది ఒకటి. పొలాల్లో తెల్లగా, లేత ఊదాగా పూస్తుంది. ఇంకొకటి మెదోవ్నీక్, పొరలు పొరలుగా తేనె కేకు. పిండిలో గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మగారికి కాదు, నీకు.

పంచాంగం_తాతయ్య
మీ నాన్నగారి ఆసక్తి చూసి చాలా సంతోషం కలిగింది. నేను 2022లో మా అమ్మాయితో ఆ గడియారం చూశాను. దానికి ఓర్లోయ్ అని పేరు. అక్కడ జనం ఎక్కువమంది గంట కొట్టేటప్పుడు కిటికీలో తిరిగే యేసు పన్నెండు మంది శిష్యుల బొమ్మల కోసం ఎదురుచూసి, అస్థిపంజరం తాడు లాగగానే ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఒక నిమిషం కూడా పట్టదు, చాలామంది ఇంతేనా అని నిరాశపడతారు. మీ నాన్నగారిని అలా తీసుకెళ్లొద్దు. గంట కొట్టిన పది నిమిషాలకి, జనం పలచబడ్డాక తీసుకెళ్లండి. ఆయన చూడవలసింది బొమ్మలు కాదు, పై పలక.

1410లో మికులాష్ అనే గడియారాల పనివాడు చేశాడు. గణితం జాన్ షిందెల్ అనే పండితుడిది అంటారు. ఆ పలక గోడకి తగిలించిన పంచాంగమే. బంగారు సూర్యుడు ఒక ముల్లు మీద ఉంటాడు. ఆయన రాశిచక్రం మీద ఎక్కడున్నాడో చూపిస్తుంది. ఇంకో ముల్లు మీద చంద్రుడు, సగం వెండి సగం నలుపు ఉన్న గోళం. తనంతట తాను తిరుగుతూ తిథిని బట్టి వెలుగు, చీకటి మారుతుంది. శుక్ల పక్షమో బహుళ పక్షమో కింద నిలబడి చూసి చెప్పవచ్చు.

వెలుపలి చుట్టు మీద పాత అంకెలు ఉంటాయి. అవి పాత చెక్ కాలం. సూర్యాస్తమయం నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్కపెడతారు. మనం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టు. సూర్యాస్తమయ వేళ రోజూ కొంచెం మారుతుంది కాబట్టి ఆ చుట్టు కూడా ఏడాది పొడుగునా ముందుకీ వెనక్కీ కదులుతుంది. లోపల వంపు గీతలు పగటిని పన్నెండు భాగాలుగా చేస్తాయి. వేసవిలో ఒక్కో భాగం పెద్దది, చలికాలంలో చిన్నది. రాహుకాలం లెక్కకి పగటిని ఎనిమిది భాగాలు చేస్తామే, అదే పద్ధతి. ఆ గీతలు చూసి నేను చాలాసేపు కదలలేదు.

ఒక్క సంగతి ముందే చెప్పండి, లేకపోతే తప్పు చూపిస్తోందని అనుకుంటారు. మీరు వెళ్లేది సెప్టెంబరు చివర. గడియారం సూర్యుణ్ని తులలో చూపిస్తుంది. మన పంచాంగంలో అప్పుడు కన్య. వాళ్లది సాయనం, అంటే రాశుల్ని విషువత్తు నుంచి లెక్కపెట్టడం. మనది నిరయనం, అంటే నక్షత్రాలని బట్టి లెక్కపెట్టడం. తేడా సుమారు 24 డిగ్రీలు. రెండూ సరైనవే. కింది పలక నెలల చిత్రాలది, జోసెఫ్ మానెస్ వేసినదానికి నకలు, అసలుది 1866లో పెట్టారు. 1945 మే నెలలో యుద్ధపు చివరి రోజుల్లో గడియారం బాగా దెబ్బతింది, బాగుచేసి 1948లో మళ్లీ నడిపించారు.

గడియారం ఉన్న గోపురం పైకి లిఫ్టు ఉంది. మోకాళ్లకి బెంగ లేదు.

కోనసీమ_కుర్రోడు
తాతయ్య గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. "సాయనం నిరయనం" దగ్గర నా ఫోన్ లాక్కుని మళ్లీ చదువుకున్నారు. ఇప్పుడు ఈ ఏటి పంచాంగం సంచిలో పెట్టమంటున్నారు. చాలా థాంక్స్ అండి.

కోట గురించి ఎవరైనా చెబుతారా? ఎత్తు మీద ఉందంటున్నారు.

మలా_స్త్రానా_మెట్లు
కోటకి కింద నుంచి మెట్లెక్కి వెళ్లొద్దు అన్నయ్యా. 22 నంబరు ట్రాము ఎక్కి ప్రాజ్‌స్కీ హ్రాద్ అనే స్టాపులో దిగండి. అక్కడి నుంచి చదునుగా నడిచి వంతెన దాటితే కోట రెండో ఆవరణలోకి వెళ్తారు. సంచులు తనిఖీ చేయొచ్చు, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. ఆవరణల్లో తిరగడానికి టికెట్టు లేదు, లోపలి కట్టడాలకే ఉంది. ఉదయం తొమ్మిదికల్లా ఉంటే గుంపులు రాకముందే సెయింట్ వీటస్ చర్చి చూడొచ్చు. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. ఎడమవైపు మూడో గదిలో ఆల్ఫోన్స్ ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ ఉంది. వెలుగు పడితే నీలం, బంగారు రంగులు మెరుస్తాయి.

మేం చేసిన పొరపాటు చెబుతున్నా. చూశాక దిగువకి నెరుదోవా వీధిలో నడిచాం. రాతి పలకల వీధి, నిటారు దిగుడు. మా అత్తయ్యకి రెండు రోజులు నడవడానికి రాలేదు. మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మీరు పైనే ముందుకెళ్లి పోహోర్జెలెత్స్ స్టాపులో అదే 22 పట్టుకుని దిగండి. ఊరంతా రాళ్లు పరిచిన నేలే, గట్టి అడుగున్న బూట్లు వేయించండి, చెప్పులు వద్దు.

చార్ల్స్ వంతెన పొద్దున్నే ఆరూ ఏడు మధ్య చూడండి. పది దాటితే అడుగు తీసి అడుగు వేయలేరు. 1342లో వరదకి పాత వంతెన కొట్టుకుపోయాక చక్రవర్తి నాలుగో చార్ల్స్ 1357లో దీనికి పునాది వేయించాడు. 516 మీటర్లు, రెండు పక్కలా ముప్పై విగ్రహాలు. సున్నంలో గుడ్లు కలిపి కట్టారని అక్కడివాళ్లు కథ చెబుతారు. మన డంగుసున్నం కథల్లాగే. మీ అమ్మగారు విగ్రహాల దగ్గర ఆగుతారేమో, తొందర పెట్టకండి.

గుంటూరు_మేరీ
అమ్మగారు ప్రశాంతంగా కూర్చోవాలన్నారు కదా. కోట కింద ఉన్న మలా స్త్రానా పేటలో, కార్మెలిత్స్కా వీధిలో విజయమాత చర్చి ఉంది. ప్రాగ్ బాల యేసు ఉన్నది అక్కడే. మన దగ్గర ఎన్ని ఇళ్లల్లో ఆ పటం ఉంటుందో మీకు తెలుసు. మా అమ్మ ప్రతి గురువారం ఆయనకి కొవ్వొత్తి వెలిగించేది. బెంగళూరు వివేక్‌నగర్ గుడికి మూడుసార్లు వెళ్లింది. ప్రాగ్ చూడాలని అనేది, చూడలేదు. ఆవిడ పోయిన రెండేళ్లకి నేను వెళ్లాను.

లోపల కుడిపక్క పాలరాతి వేదిక మీద గాజు పెట్టెలో ఉంటాడు. మూరెడు బొమ్మ, కొయ్య మీద మైనం పూత. స్పెయిన్ నుంచి వచ్చిందట. 1628లో పొలిక్సేనా అనే దొరసాని సన్యాసులకి ఇచ్చింది. చర్చి కాలాన్ని బట్టి బట్టలు మారుస్తారు, రాణి మరియా థెరిసా ఇచ్చిన గౌను కూడా ఉంది. మేడ మీద చిన్న మ్యూజియంలో దేశదేశాల నుంచి వచ్చిన బట్టలు పెట్టారు. ప్రవేశం ఉచితం. మన దేవుళ్లకి ఉత్సవాలకి అలంకారం మార్చినట్టే. మీ అమ్మగారికి ఎవరూ వివరించక్కర్లేదు, చూడగానే అర్థమవుతుంది. నేను అక్కడ గంటసేపు కూర్చున్నాను, ఎవరూ లెమ్మనలేదు.

ఓరుగల్లు_బ్యాక్‌ప్యాక్
ఒక రోజు కుత్నా హోరా పోవాలె అన్నా. రైల్ల గంట. ఎముకల చర్చి ఉంటది, నలభై వేలకు మించిన మనుషుల ఎముకలుంటయి, గా ఎముకలతోటే దీపాల గుత్తి చేసిర్రు. అసుంటిది ఎక్కడ ఉండదు.

మలా_స్త్రానా_మెట్లు
అరవై దాటిన పెద్దవాళ్లని సెలవులో ఎముకల మధ్యకి తీసుకెళ్లడం నాకు నచ్చదు. మూడు రాత్రుల్లో ఒక రోజు బయట ఊరికి ఇస్తే ప్రాగ్‌కి మిగిలేది రెండు పూటలు. ఆ రోజు విషెహ్రాద్ వెళ్లండి. ఎర్ర మెట్రోలో అదే పేరున్న స్టేషను దిగితే చదునుగా పది నిమిషాల నడక. నది మీద పాత కోట, చెట్లు, బెంచీలు. స్వరకర్తలు ద్వొర్జాక్, స్మెతానా సమాధులు ఉన్నాయి. రోబో అనే మాటని 1920లో లోకానికిచ్చిన నాటకకర్త కరెల్ చాపెక్ సమాధి కూడా అక్కడే. లెక్కల మాస్టారుకి అది చెప్పండి.

ఓరుగల్లు_బ్యాక్‌ప్యాక్
కరెక్టే అక్కా. నేను దోస్తులతోటి పోయిన, ముసలోళ్ల సంగతి ఆలోచించలే. కుత్నా హోరా తీసెయ్ అన్నా.

వ్లతావా_ఒడ్డున
యూదుల పేట గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడి ప్రార్థనా మందిరాలు శనివారం మూసి ఉంటాయి, చూసుకుని వెళ్లు. పింకస్ ప్రార్థనా మందిరంలో గోడల నిండా పేర్లు చేత్తో రాసి ఉంటాయి. నాజీలు చంపిన బొహీమియా, మొరావియా అనే చెక్ ప్రాంతాల యూదులవి, సుమారు 78 వేల మంది. పేరు, పుట్టిన తేదీ, ఆఖరిసారి తెలిసిన తేదీ. ఇంటిపేర్ల వారీగా, ఊళ్ల వారీగా. ఒక ఇంటి నుంచి ఆరుగురు, ఎనిమిది మంది వరుసగా. మేడ మీద తెరెజీన్ శిబిరంలో పిల్లలు గీసిన బొమ్మలు ఉన్నాయి. సీతాకోకచిలుకలు, ఇళ్లు, రైళ్లు. ఆరేళ్లలో నేను రెండుసార్లే వెళ్లగలిగాను. అమ్మగారిని అడిగి, సరేనంటేనే తీసుకెళ్లు. వెళ్తే ఆ పూటకి ఇంకేమీ పెట్టుకోవద్దు.

కోనసీమ_కుర్రోడు
వెళ్లొచ్చాం. ఎక్కువ రాయడానికి టైము లేదు, మీరంతా అడుగుతారని రాస్తున్నాను.

నాన్న గడియారం దగ్గరికి నాలుగుసార్లు వెళ్లారు. మొదటిసారి పంచాంగం తెరిచి పట్టుకుని నిలబడ్డారు. పక్కనున్న ఒక చెక్ పెద్దాయన అదేంటని అడిగాడు. నేను మధ్యలో ఇంగ్లీషులో చెబుతుంటే ఇద్దరూ చంద్రుడి గోళం వైపు వేళ్లు చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. ఆయనకి మన తిథులు, నాన్నకి వాళ్ల పాత గంటలు. వెళ్లేటప్పుడు ఆయన నాన్న చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు.

అమ్మ బాల యేసు చర్చిలో కూర్చుంది. మేరీ గారూ, మీ అమ్మగారి సంగతి చెప్పాను. "అయితే ఆవిడ పేరున కూడా ఒకటి వెలిగిద్దాం" అని రెండు కొవ్వొత్తులు వెలిగించింది. పింకస్‌కి నేనూ అమ్మా వెళ్లాం, నాన్న బయట బెంచీ మీద ఉన్నారు. అమ్మ ఇంటిపేర్లు చూస్తూ నడిచింది, ఏమీ అనలేదు.

తిండి: ధాబా బేయాస్ మూడు పూటలు, గదిలో అన్నం మిగతా పూటలు. నాన్న ట్రౌట్ చేప వేపుడు తిన్నారు, ఉప్పు తప్ప ఏమీ లేదన్నారు, కానీ ముళ్లు తప్ప ఏమీ మిగల్చలేదు. నేను ట్ర్‌డెల్నీక్, కొలాచె రెండూ తిన్నాను. అక్కా, కొలాచె.

ఒక ప్రశ్న. అమ్మ అక్కడి మార్కెట్లో నీలం రంగు గసగసాలు చూసి ఊరికి పట్టుకెళ్దామని కిలో కొంది. వచ్చే నెల దుబాయ్ మీదుగా హైదరాబాదు ఫ్లైటు. ఫర్వాలేదా?

వ్లతావా_ఒడ్డున
వద్దు బాబూ, అసలు వద్దు. యూఏఈలో గసగసాలు నిషేధం, మత్తుమందుల చట్టం కిందకి వస్తాయి. దుబాయ్‌లో విమానం మారడానికి ఆగినా సరే, సంచిలో ఉంటే ఇబ్బందే. చెక్ ఇన్ చేసిన పెట్టెలో కూడా పెట్టొద్దు. గసగసాలు చల్లిన రొట్టెలు, కొలాచె కూడా తీసుకెళ్లొద్దు. అవి మ్యూనిక్‌లోనే వండేయమను.

కోనసీమ_కుర్రోడు
సరే అక్కా. రేపు ఆదివారం, సగం నూరి కోడికూర చేస్తానంది నాన్నకి. మిగిలిన సగం సీసాలో పోసి నా వంటగదిలో పెట్టి, రోజూ కొంచెం వాడమని చెప్పి వెళ్తుందట.